‘చదివి ఉండేవాడిని’ అని స్పానిష్‌లో ఎలా అంటారు? ఇంట్లో తెలుగుతోనే మీరు నేర్పించవచ్చు



స్పానిష్ తీసుకున్న పిల్లల నోట్‌బుక్‌లో ఏదో ఒక టర్మ్‌లో ‘కండిషనల్ పర్ఫెక్ట్’ అనే హెడింగ్ కనిపిస్తుంది. దాని కింద ఆరు వరుసల టేబుల్ ఉంటుంది. పిల్లలు ఆ టేబుల్‌ను ఎక్కంలా బట్టీ పడతారు. మర్నాడు క్లాసులో వేరే క్రియ ఇస్తే ఆగిపోతారు. ఇలాంటప్పుడు తల్లిదండ్రులకు రెండు సందేహాలు వస్తాయి. ఒకటి: “మాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు, ఇంట్లో ఎలా చదివించాలి?” రెండోది ఇంకొంచెం పెద్దది: “ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే ఇదంతా కలగాపులగం అవుతోందా? కొన్నాళ్ళు తెలుగు తగ్గించాలా?”

తగ్గించకండి. ఈ ఒక్క టెన్స్‌ను దగ్గరగా చూస్తే కారణం మీకే తెలుస్తుంది. ఇందులో బట్టీ పట్టాల్సింది చాలా తక్కువ. నిజంగా కష్టమైన భాగం అర్థం దగ్గర ఉంది. ఆ భాగంలో పిల్లలకు సాయం చేయడానికి మీకు స్పానిష్ అక్కర్లేదు, మంచి తెలుగు ఉంటే చాలు.

ముందు అర్థం

మన ఇళ్ళలో ఈ టెన్స్ రోజూ వినిపిస్తుంది. “ముందే చెప్పి ఉంటే స్టేషన్‌కు వచ్చి ఉండేవాడిని.” “ఇంకో గంట చదివి ఉంటే ఫస్ట్ వచ్చి ఉండేదానివి.” జరగగలిగిన పని, కానీ జరగలేదు. ఇప్పుడు ఆ అవకాశం దాటిపోయింది. ఈ భావాన్ని చెప్పడానికి ఇంగ్లీష్‌లో ‘వుడ్ హ్యావ్ స్టడీడ్’ లాంటి రూపం వాడతాం. స్పానిష్‌లో వాడేదే కండిషనల్ పర్ఫెక్ట్.

పుస్తకాన్ని బట్టి దీని పేరు మారుతుంది. స్పెయిన్ పుస్తకాల్లో ‘కొందిసియొనాల్ కొంపుఎస్తొ’ అనో, ‘కొందిసియొనాల్ పెర్ఫెక్తొ’ అనో ఉంటుంది. మెక్సికో పుస్తకాల్లో ‘ఆంతెపొస్‌ప్రెతేరితొ’ అని కూడా కనిపించవచ్చు. ఈ చివరి పేరు ఆంద్రేస్ బెయ్యొ అనే పండితుడు 1847లో చిలీలో ప్రచురించిన స్పానిష్ వ్యాకరణం నుంచి వచ్చింది. పేర్లు వేరైనా టెన్స్ ఒకటే. పిల్లలు “ఇది మాకు చెప్పలేదు” అంటే, ముందు పేరు వల్ల వచ్చిన తికమకేమో చూడండి.

మొదటి భాగం: ఆరు రూపాలు

ఈ టెన్స్‌లో రెండు భాగాలుంటాయి. మొదటిది ‘అబేర్’ అనే సహాయక క్రియ. ఎవరి గురించి మాట్లాడుతున్నామో దాన్ని బట్టి ఇది మారుతుంది.

యో (నేను): అబ్రీయా
తూ (నువ్వు): అబ్రీయాస్
ఎల్, ఎయ్యా, ఉస్తేద్ (అతను, ఆమె, మీరు): అబ్రీయా
నొసోత్రొస్ (మేము, మనం): అబ్రీయామొస్
బొసోత్రొస్ (మీరంతా, చనువుగా): అబ్రీయాయిస్
ఎయ్యొస్, ఎయ్యాస్, ఉస్తేదెస్ (వాళ్ళు, మీరంతా): అబ్రీయాన్

నేను, అతను రూపాలు రెండూ ఒకటే కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సినవి ఐదే. ‘బొసోత్రొస్’ వరుస స్పెయిన్‌లో వాడుకలో ఉంది. లాటిన్ అమెరికాలో దాని బదులు ‘ఉస్తేదెస్’ వాడతారు. ‘ఉస్తేద్’ మన ‘మీరు’ లాంటి గౌరవ రూపం, అయినా క్రియ మాత్రం ‘అతను’ వరుసలోది. టీచర్‌తో ‘తూ’ అనాలా, ‘ఉస్తేద్’ అనాలా అని తెలుగు పిల్లలకు పెద్దగా చెప్పక్కర్లేదు. నువ్వు, మీరు తేడా వాళ్ళకు ఇంట్లోనే వచ్చేసింది.

ఈ చివర్లు కూడా చాలామంది పిల్లలకు పాతవే. ‘తినేవాడిని’ అనడానికి ‘కొమీయా, కొమీయాస్, కొమీయా, కొమీయామొస్...’ అని వాళ్ళు ముందే నేర్చుకుని ఉంటారు. అవే చివర్లు ఇక్కడ ‘అబ్ర్’కు తగులుతున్నాయి. ఇది కాకతాళీయం కాదు. స్పానిష్ కండిషనల్ అంతా చరిత్రలో అలాగే పుట్టింది. మూల క్రియ చివర ‘అబేర్’ భూతకాల రూపం అతుక్కుని, కాలక్రమంలో అరిగి, ఈ చివర్లు మిగిలాయి.

రెండో భాగం: రెండే చివర్లు

స్పానిష్ క్రియలు మూడు రకాలు: ‘ఆర్’తో ముగిసేవి, ‘ఏర్’తో ముగిసేవి, ‘ఈర్’తో ముగిసేవి. నియమబద్ధమైన క్రియ అయితే పార్టిసిపుల్ ఇలా తయారవుతుంది.

‘ఆర్’ తీసేసి ‘ఆదొ’ పెట్టాలి: ఎస్తుదియార్ (చదవడం), ఎస్తుదియాదొ.
‘ఏర్’ తీసేసి ‘ఈదొ’ పెట్టాలి: కొమేర్ (తినడం), కొమీదొ.
‘ఈర్’ తీసేసినా ‘ఈదొ’నే: బిబీర్ (జీవించడం, నివసించడం), బిబీదొ.

మూడు రకాల క్రియలకు రెండే చివర్లన్న మాట. ఇప్పుడు రెండు భాగాలనూ పక్కపక్కన పెట్టండి.

యో అబ్రీయా ఎస్తుదియాదొ: నేను చదివి ఉండేవాడిని
తూ అబ్రీయాస్ కొమీదొ: నువ్వు తిని ఉండేవాడివి
ఎయ్యా అబ్రీయా బిబీదొ: ఆమె నివసించి ఉండేది
నొసోత్రొస్ అబ్రీయామొస్ ఎస్తుదియాదొ: మేము చదివి ఉండేవాళ్ళం
ఎయ్యొస్ అబ్రీయాన్ కొమీదొ: వాళ్ళు తిని ఉండేవాళ్ళు

లెక్క వేసి చూడండి. పది క్రియలకు టేబుల్స్ బట్టీ పడితే 60 రూపాలు. కట్టుబడి అర్థం చేసుకుంటే ఆరు రూపాలు, రెండు చివర్లు, అంటే ఎనిమిది. పదకొండో క్రియ వచ్చినా ఆ ఎనిమిదితోనే పని జరుగుతుంది. మీ బాబు గానీ, పాప గానీ ప్రతి క్రియకూ కొత్త టేబుల్ రాసుకుంటూ రాత్రి పది దాకా కూర్చుంటే, ఆపి ఈ లెక్క చూపించండి.

తెలుగు కట్టుబడి ఇదే

‘చదివి ఉండేవాడిని’ అన్న మాటను విడదీయండి. ‘చదివి’ ఎప్పుడూ మారదు. నేనైనా, నువ్వైనా, వాళ్ళైనా ‘చదివి’యే. మారేది ‘ఉండు’ అనే సహాయక క్రియ: ఉండేవాడిని, ఉండేవాడివి, ఉండేవాళ్ళం. స్పానిష్‌లో కూడా ‘ఎస్తుదియాదొ’ మారదు, ‘అబేర్’ మాత్రమే మారుతుంది. పద్ధతి ఒకటే, వరుస మాత్రం తిరగబడుతుంది. మనకు సహాయక క్రియ చివర వస్తుంది, వాళ్ళకు ముందు వస్తుంది.

తేడా ఉన్నది ఆడ, మగ దగ్గర. తెలుగులో అబ్బాయి ‘చదివి ఉండేవాడిని’ అంటాడు, అమ్మాయి ‘చదివి ఉండేదాన్ని’ అంటుంది. స్పానిష్‌లో ఇద్దరికీ ‘అబ్రీయా ఎస్తుదియాదొ’ ఒక్కటే. స్పానిష్ విశేషణాల్లో స్త్రీలింగానికి ‘ఆ’ చివర రావాలని నేర్చుకున్న అమ్మాయిలు అదే అలవాటుతో ‘ఎస్తుదియాదా’ అని రాసే అవకాశం ఉంది. ‘అబేర్’తో వచ్చినప్పుడు పార్టిసిపుల్ లింగాన్ని బట్టి గానీ, ఏకవచన బహువచనాలను బట్టి గానీ మారదు. ఇది ఒక్కటి గుర్తుంటే చాలు.

‘కాదు’ అనాలంటే ‘నొ’ను అన్నిటికంటే ముందు పెట్టాలి: నొ అబ్రీయా కొమీదొ (నేను తిని ఉండేవాడిని కాదు). ‘అబ్రీయా’కూ ‘కొమీదొ’కూ మధ్యలో మాత్రం ఏ మాటా పెట్టకూడదు. ‘దాన్ని’, ‘నన్ను’ లాంటి చిన్న సర్వనామాలు కూడా ‘అబ్రీయా’కు ముందే రావాలి: లొ అబ్రీయా కొమీదొ (దాన్ని తిని ఉండేవాడిని).

పలికేటప్పుడు లాభం, రాసేటప్పుడు జాగ్రత్త

స్పానిష్‌లో త, ద శబ్దాలు మన త, ద లాగే నాలుక పళ్ళకు తగిలేవి. ఇంగ్లీష్ ట, డ లాంటివి కావు. అందుకే ‘ఎస్తుదియాదొ’ను తెలుగులో రాసుకుని చదివితే ఉచ్చారణ చాలావరకు కుదురుతుంది. అదే మాటను ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూసి ఇంగ్లీష్ పద్ధతిలో చదివితే ‘ఎస్టుడియాడో’ అవుతుంది. కాబట్టి పిల్లలు నోట్‌బుక్ మార్జిన్‌లో తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసుకుంటే వద్దనకండి.

రాతలో రెండు చోట్ల మార్కులు పోతాయి. మొదటిది ‘హెచ్’ అక్షరం. ‘అబ్రీయా’ స్పెల్లింగ్ మొదట్లో హెచ్ ఉంటుంది, కానీ పలకదు. విన్నట్టే రాసే పిల్లలు దాన్ని వదిలేస్తారు. హెచ్ లేకుండా రాస్తే అది స్పానిష్‌లో వేరే మాట. ‘అబ్రీర్’ అంటే తెరవడం, ‘అబ్రీయా’ అంటే ‘తెరిచేవాడిని, తెరిచేవాడు’. రెండూ చెవికి అచ్చంగా ఒకటే, రాతలోనే తేడా. రెండోది ‘ఐ’ అక్షరం మీద ఏటవాలు గీత. ఆరు రూపాల్లోనూ అది తప్పనిసరి. ‘రీ’ని ఒత్తి పలకాలని ఆ గీత చెబుతుంది. నోట్‌బుక్ చెక్ చేసేటప్పుడు ఈ రెండూ మీరే చూడవచ్చు, దానికి స్పానిష్ రానక్కర్లేదు.

అసలు చిక్కు ఎక్కడంటే

పిల్లలు టేబుల్ అప్పజెప్పగలరు. ప్రశ్న పేపర్‌లో వాక్యం ఇచ్చి సరైన టెన్స్ రాయమంటేనే తడబడతారు. దీనికి ఒక కారణం మన భాషలోనే ఉంది. మామూలు మాటల్లో మనం ‘చదివి ఉండేవాడిని’ అనే బదులు చాలాసార్లు ‘చదివేవాడిని’ అనేస్తాం. ఆ ఒక్క మాటకు మూడు అర్థాలున్నాయి.

“చిన్నప్పుడు రోజూ లైబ్రరీలో చదివేవాడిని.” ఇది అలవాటు. స్పానిష్‌లో ‘ఎస్తుదియాబా’.

“టైం ఉంటే ఇప్పుడు కూడా చదివేవాడిని.” ఇది ఇప్పటి పరిస్థితి గురించిన ఊహ. స్పానిష్‌లో ‘ఎస్తుదియరీయా’.

“పరీక్ష ఉందని నిన్న తెలిస్తే చదివేవాడిని.” ఇది దాటిపోయిన అవకాశం. స్పానిష్‌లో ‘అబ్రీయా ఎస్తుదియాదొ’.

తెలుగు వినేవాళ్ళకు ‘చిన్నప్పుడు’, ‘ఇప్పుడు’, ‘నిన్న’ లాంటి మాటలను బట్టి సంగతి తెలిసిపోతుంది. స్పానిష్‌లో ఆ తేడాను క్రియే చూపించాలి. పిల్లలు తెలుగులో ఆలోచించడం వల్ల వచ్చిన ఇబ్బందిలా ఇది కనిపిస్తుంది. కానీ పరిష్కారం కూడా తెలుగులోనే ఉంది. వాక్యాన్ని కాస్త నిదానంగా, పూర్తిగా తెలుగులో చెప్పమంటే చాలు. ‘చదివి ఉండేవాడిని’ అని అర్థం చెడకుండా చెప్పగలిగితే అది కండిషనల్ పర్ఫెక్ట్. ‘రోజూ చదివేవాడిని’ అని చెప్పాల్సి వస్తే కాదు.

ఒక ఉదాహరణ చూడండి. “సెలవులుంటే అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉండేవాళ్ళం.” ఇది ఏ అర్థం? ప్రతి ఏడాదీ సెలవులిచ్చినప్పుడల్లా వెళ్ళి ఉండేవాళ్ళమా? ఇప్పుడు సెలవులు లేవు కాబట్టి ఇక్కడున్నామనా? పోయిన సంక్రాంతికి సెలవు దొరక్క వెళ్ళలేకపోయామనా? మూడింటికి స్పానిష్‌లో మూడు రూపాలు: బిబీయామొస్, బిబిరీయామొస్, అబ్రీయామొస్ బిబీదొ. ఈ మూడు ప్రశ్నలూ అడగాల్సింది మీరే. జవాబు తెలుగులో వచ్చాక స్పానిష్ రూపం వాళ్ళే వెతుక్కుంటారు.

‘ఉంటే’ ఉన్న సగం వేరు

ఈ టెన్స్ తరచూ రెండు ముక్కల వాక్యంలో వస్తుంది. “పరుగెత్తి ఉంటే, బస్సు ఎక్కి ఉండేవాడిని.” స్పానిష్‌లో: సి ఉబియేరా కొర్రీదొ, అబ్రీయా తొమాదొ ఎల్ ఔతొబూస్. ఇక్కడ ‘సి’ అంటే ‘అయితే’. ‘సి’ ఉన్న సగంలో ‘ఉబియేరా’ వస్తుంది, రెండో సగంలో ‘అబ్రీయా’ వస్తుంది. పిల్లలు రెండు చోట్లా ‘అబ్రీయా’ పెట్టేస్తారు. ఉత్తర స్పెయిన్‌లో కొన్ని ప్రాంతాల వాళ్ళు మాటల్లో అలా అంటారు గానీ, పరీక్షలో అది తప్పే.

దీనికి కూడా తెలుగు గుర్తు సులువు. మనం మొదటి సగంలో ‘ఉంటే’ అంటాం, రెండో సగంలో ‘ఉండేవాడిని’ అంటాం. “పరుగెత్తి ఉండేవాడిని అయితే బస్సు ఎక్కి ఉండేవాడిని” అని ఎవరూ అనరు. ‘ఉంటే’ ఉన్నచోట ఉబియేరా, ‘ఉండే’ ఉన్నచోట అబ్రీయా. ఈ జత నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించండి.

ఉబియేరా ఇంకా క్లాసులో రాకపోతే ‘సి’ లేకుండానే సాధన చేయవచ్చు. ‘కొన్’ అంటే ‘తో’, ‘సిన్’ అంటే ‘లేకుండా’. కొన్ మాస్ తియేంపొ, అబ్రీయా ఎస్తుదియాదొ మాస్: ఇంకొంచెం టైం ఉంటే ఇంకా చదివి ఉండేవాడిని. సిన్ పరాగ్వాస్, నొస్ అబ్రీయామొస్ మొహాదొ: గొడుగు లేకపోతే తడిసి ఉండేవాళ్ళం.

ఇంకెక్కడ కనిపిస్తుంది

పై తరగతుల పిల్లలకు రీడింగ్ పాఠాల్లో మరో రెండు వాడుకలు ఎదురవుతాయి. ఒకటి, గతంలో నిలబడి ముందుకు చూసి చెప్పడం: “ఎనిమిదింటికల్లా పూర్తి చేసి ఉంటానని చెప్పాడు.” దీ‌హొ కె పారా లాస్ ఓచొ అబ్రీయా తెర్మినాదొ. రెండోది వార్తల్లో, ఖాయం కాని సమాచారానికి. ఎల్ లద్రోన్ అబ్రీయా ఎస్కపాదొ పొర్ లా బెంతానా. దీన్ని “దొంగ కిటికీలోంచి తప్పించుకుని ఉండేవాడు” అని అనువదిస్తే తప్పు. “దొంగ కిటికీలోంచి తప్పించుకున్నట్లు సమాచారం” అనేది సరైన అర్థం. తెలుగు పేపర్ చదివే అలవాటున్న పిల్లలకు ఇది వెంటనే అందుతుంది.

నియమం తప్పే క్రియలు కూడా కొన్ని ఉన్నాయి. ఎస్క్రిబీర్ (రాయడం) ‘ఎస్క్రీతొ’ అవుతుంది, బేర్ (చూడటం) ‘బీస్తొ’, అసేర్ (చేయడం) ‘ఏచొ’, దెసీర్ (చెప్పడం) ‘దీచొ’, అబ్రీర్ (తెరవడం) ‘అబియేర్తొ’, పొనేర్ (పెట్టడం) ‘పువేస్తొ’, బొల్బేర్ (తిరిగి రావడం) ‘బువేల్తొ’. వీటిని విడిగా ఒక కార్డు మీద రాసుకోవాలి. మారేది పార్టిసిపుల్ మాత్రమే, అబ్రీయా వరుస అలాగే ఉంటుంది.

ఇంట్లో పది నిమిషాలు

వారానికి మూడు రోజులు, పది నిమిషాలు కేటాయిస్తే సరిపోతుంది.

1. ఆరు రూపాలను టేబుల్ క్రమంలో కాకుండా కలిపేసి అడగండి. “మేము?” “వాళ్ళు?” “నువ్వు?” పైన ఇచ్చిన తెలుగు రాత చూసి మీరే సరిచూడవచ్చు.

2. ఏదైనా ఒక నియమబద్ధమైన క్రియ ఇచ్చి పార్టిసిపుల్ చెప్పమనండి. ఆర్ అయితే ఆదొ, మిగతా రెండిటికీ ఈదొ.

3. ఆ రోజు ఇంట్లో జరిగిన విషయం మీద ఒక తెలుగు వాక్యం చెప్పండి. “ఇది అలవాటా, ఇప్పటి ఊహా, దాటిపోయిన అవకాశమా?” అని అడగండి. దాటిపోయిన అవకాశమైతేనే స్పానిష్‌లోకి మార్చమనండి.

4. రాసినది చూసేటప్పుడు హెచ్ ఉందా, ఐ మీద గీత ఉందా చూడండి.

ఒక చిన్న మనవి. ఇంట్లో ఈ టెన్స్ ఎక్కువగా వినిపించేది ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజున. “చదివి ఉంటే వచ్చి ఉండేవి”, “విని ఉంటే ఇలా అయ్యేది కాదు.” పిల్లలకు ఈ రూపం తిట్టుగానే పరిచయమైతే, క్లాసులో కూడా అది బరువుగానే ఉంటుంది. ఇదే టెన్స్‌లో ఊరట కూడా చెప్పవచ్చు: “నువ్వు గుర్తు చేయకపోతే గ్యాస్ కట్టేయడం మర్చిపోయి ఉండేదాన్ని.” సలహా కూడా చెప్పవచ్చు: “నీ స్థానంలో నేనుంటే టీచర్‌తో మాట్లాడి ఉండేదాన్ని.” స్పానిష్‌లో ఈ రెండోది: యో, ఎన్ తు లుగార్, అబ్రీయా అబ్లాదొ కొన్ లా ప్రొఫెసోరా. సాధనకు ఇలాంటి వాక్యాలు ఎంచుకోండి.

స్పానిష్ ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో ఒకటి. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో దీన్ని డిగ్రీ స్థాయిలో చదువుకోవచ్చు. అంత దూరం వెళ్ళాలనుకునే పిల్లలకైనా, స్కూల్‌తో ఆపేసే పిల్లలకైనా, ఒక భాషలో స్పష్టంగా ఆలోచించడం వస్తే రెండో భాషలో ఆ ఆలోచనకు మాట వెతుక్కోవడమే మిగులుతుంది. ఆ మొదటి భాష మీ ఇంట్లో ఉంది. దాన్ని పిల్లలతో నిండుగా మాట్లాడండి. తర్వాతి పీటీఎంకు వచ్చేటప్పుడు స్పానిష్ నోట్‌బుక్ కూడా వెంట తెచ్చుకోండి.